స్తూపం స్టేజీలో దిగేవాళ్లకు: ఒక పాత కండక్టర్ చెప్పే సంగతులు

ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాను. నల్లగొండ, సూర్యాపేట, జనగామ రోడ్లు నాకు కిలోమీటర్లలో గుర్తుండవు, స్టేజీల్లో గుర్తుంటాయి. రిటైర్ కావడానికి ఏడాది ముందు, సెప్టెంబర్ నెలలో, ఇరవై ఏళ్ల పిల్లగాడొకడు హైదరాబాద్ నుంచి మా బస్సెక్కి గుండ్రాంపల్లికి టికెట్ అడిగాడు. చేతిలో పెద్ద ప్లాస్టిక్ కవరు, అందులో బంతిపూల దండ. ఎవరింట్లోనో చావుకు పోతున్నాడేమో అనుకొని ఏం అడగలేదు. మూడు గంటల తర్వాత రిటర్న్ ట్రిప్పులో అవతలి వైపు అదే పిల్లగాడు చెయ్యెత్తాడు. దండ ఇంకా కవర్లోనే ఉంది.

"ఏమైంది బాబూ, ఇల్లు దొరకలేదా?"

"ఇల్లు కాదంకుల్, స్తూపం. దొరికింది. కానీ అక్కడ ఎవరూ లేరు. దండ వేయొచ్చో లేదో, చెప్పులు విప్పాలో వద్దో తెలియలేదు. ఫొటో తీసుకొని వచ్చేశాను."

బస్సు నిండుగా ఉంది. టికెట్లు కొట్టే టిమ్స్ మెషీన్ చేతిలో పట్టుకొని ఏం చెప్తాను? చౌటుప్పల్ వచ్చేసరికి జనంలో కలిసిపోయాడు. ఆ రోజు వాడికి చెప్పలేకపోయిన మాటలే ఇవి.

ముందొక సంగతి. యుద్ధభూమి అనగానే కోటగోడలు, ఫిరంగులు, టికెట్ కౌంటరు మనసులో పెట్టుకొని మా వైపు వస్తే నిరాశే. నిజాం మీద, దొరల మీద పల్లె జనం చేసిన తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా ఊళ్లలోనే జరిగింది. దొర గడి ముందర, బావి గడ్డన, కల్లం దగ్గర, చింతచెట్టు కింద. ఇవాళ ఆ చోట కిరాణా దుకాణం ఉంటుంది, ఒక పక్కన ట్రాక్టర్ ఆగి ఉంటుంది, మధ్యలో చనిపోయినవాళ్ల పేర్లతో ఎర్ర రంగు స్తూపం. చాలా ఊళ్లలో దారి చూపించే బోర్డు కూడా ఉండదు. అందుకే ఎటు పోవాలో, ఎవరిని అడగాలో ముందే కొంచెం అనుకొని బయల్దేరాలి.

ఒక రోజుకు ఒక్క ఊరు పెట్టుకోండి. ఐదూళ్లు చుట్టేద్దామని కారులో వచ్చేవాళ్లను చూస్తుంటాను. మూడో ఊరికి వచ్చేసరికి కారు కూడా దిగరు, అద్దం దించి ఫొటో తీసుకొని పోతారు.

హైదరాబాద్ నుంచి మొదటిసారి వచ్చేవాళ్లకు గుండ్రాంపల్లి సులువు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక, చిట్యాల రాకముందే వస్తుంది. నిజాం తరఫున తుపాకులు పట్టి తిరిగిన రజాకార్ల కాలంలో అక్కడ వాళ్ల క్యాంపు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, పోరాటం నడిపే సంఘంలో ఉన్నవాళ్లను, వాళ్లకు అన్నం పెట్టారని అనుమానం వచ్చినవాళ్లను పట్టుకొచ్చి చంపి బావిలో పడేశారు. ఆ బావి గుర్తుగానే స్తూపం. అక్కడ ఒక మాట మనసులో ఉంచుకోండి. ఆ బావిలో పడ్డవాళ్లలో చాలామందికి దహనం లేదు, దినాలు లేవు. అంటే మీరు నిలబడింది స్మారకం దగ్గర మాత్రమే అనుకోవద్దు, ఒక రకంగా సమాధి దగ్గర నిలబడ్డారు. మిగతా పద్ధతులన్నీ దీన్ని బట్టే తెలుస్తాయి.

పోరాటం మొదలైన చోటు చూడాలంటే కడవెండి. ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది గానీ, అప్పుడు నల్లగొండ జిల్లానే. మా ముసలోళ్లు ఇప్పటికీ దాన్ని మా జిల్లా అనే అంటారు. 1946 జూలై 4న విసునూరు దొర, దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషుల ఆగడాలు భరించలేక ఊరు ఊరంతా కర్రలు, రాళ్లు విసిరే వడిసెలలు పట్టుకొని ఊరేగింపుగా కదిలింది. దొర మనుషులు తుపాకులు పేల్చారు. ముందు నడుస్తున్న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆయన అన్న మల్లయ్యకూ గాయమైంది. గొర్లు కాసుకునే కురుమల ఇంటి బిడ్డ కొమరయ్య. సాయుధ పోరాటంలో తొలి అమరుడని ఆయన్నే అంటారు.

కడవెండి పోయేవాళ్లు అదే మండలంలోని కామారెడ్డిగూడెంలో బందగీ సమాధి దగ్గర కూడా ఆగండి. షేక్ బందగీ చిన్న రైతు. తన భూమి కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి కోర్టులో కొట్లాడాడు. 1940లో దారి కాచి చంపారు. కొమరయ్య కంటే ఆరేళ్లు ముందు. దొర హిందువు, చచ్చిపోయిన రైతు ముస్లిం. రజాకార్ల కథ ఒక్కటే విని వచ్చినవాళ్లు ఈ సమాధి ముందర కాసేపు ఆలోచనలో పడతారు, నేను చూశాను. జనగామ, సూర్యాపేట రూట్లో డ్యూటీ పడ్డప్పుడల్లా ఆ వైపు చూసి దండం పెట్టుకునేవాణ్ని. డ్రైవర్లు కొందరు హారన్ కొట్టేవాళ్లు. ఎందుకని అడిగితే "అందరు కొడ్తరు, నేను కొడ్తున్న" అనేవాళ్లు.

ఎదురు తిరిగి కొట్లాడిన ఊళ్లు చూడాలనుకుంటే సూర్యాపేట వైపు పోవాలి. పాతసూర్యాపేట, బాలెంల, హుజూర్‌నగర్ వైపు మల్లారెడ్డిగూడెం. ఈ ఊళ్లలో జనం నిజాం పోలీసులను, మిలిటరీని గుత్ప కర్రలు, వడిసెలలు, కారంపొడి పట్టుకొని ఎదుర్కొన్నారు. వడిసెల తెలియని పిల్లలను తీసుకొస్తే గొర్లకాపరిని ఎవరినైనా అడిగి తిప్పి చూపించమనండి. తాడు మధ్యన రాయి పెట్టి గిరగిరా తిప్పి ఒక కొస వదిలితే ఎంత దూరం పోతుందో కళ్లారా చూస్తే, తుపాకీ ఎదుట అది ఎంత తక్కువో, అయినా ఎంత ధైర్యమో చెప్పక్కర్లేదు.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు. ఆత్మకూరు, దేవరకద్ర వైపు అప్పంపల్లి ఉంది. 1947 అక్టోబర్ 7న అక్కడ నిజాం పోలీసుల కాల్పుల్లో పల్లె జనం చనిపోయారు. అక్కడా స్తూపం ఉంది. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు లక్షల్లో జనం ఆ వైపే పోతారు. జాతరకు ఎట్లాగూ బండి కట్టుకొని పోతారు కదా, ఒక గంట ముందు బయల్దేరితే అయిపోతుంది. మా తోడల్లుడిది ఆ వైపే. ముప్పై ఏళ్లు జాతరకు పోయాడు గానీ అప్పంపల్లిలో ఆగింది ఒక్కసారే, అదీ నేను బండిలో ఉన్నప్పుడు.

ఏ రోజు వెళ్లాలి? చాలామంది సెప్టెంబర్ 17న వస్తారు. 1948లో సెప్టెంబర్ 13న ఇండియన్ యూనియన్ సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ రోజును ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒక ప్రభుత్వం సమైక్యతా దినోత్సవం అంది, ఇంకొకటి ప్రజాపాలన దినోత్సవం అంది. కమ్యూనిస్టు పార్టీలు వారం రోజులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతాయి. ఆ రోజు మైకులు, జెండాలు, ఫ్లెక్సీలు. ఎవరి దండ ముందు పడాలన్నదాని మీద కొట్లాట అయిన రోజులూ చూశాను. జనంతో కలిసి నినాదం ఇవ్వాలనుకుంటే ఆ రోజే రండి, తప్పేం లేదు. ఇంట్లో మనిషిని తలుచుకున్నట్టు తలుచుకోవాలనుకుంటే మాత్రం రెండు రోజుల ముందో, వారం తర్వాతో రండి.

నన్నడిగితే పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య మంచిది. మా దగ్గర ఆ రోజు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు చాటలో పెట్టి, చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి, అయ్యగారికో జంగమయ్యకో ఇచ్చి వస్తాం. ఆ రోజు సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున చచ్చినవాళ్లకు, సాయంత్రం పూలకు. చెరువు గట్ల మీద, చెలకల్లో తంగేడు, గునుగు విరగబూసే కాలం. దండ కొనక్కర్లేదు. దారిలో దిగి తంగేడు కొమ్మలు నాలుగు విరుచుకొని పోతే సరిపోతుంది. ఒకరి చెలకలోకి దిగేముందు ఒక మాట అడగండి. పూల కోసమంటే మా వైపు ఎవరూ కాదనరు, ఏ స్తూపానికని అడిగి ఇంకో కథ కూడా చెప్తారు.

ఎండాకాలం వద్దు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండకు స్తూపం గద్దె మీద కాలు పెట్టలేం, చెప్పులు విప్పి నిలబడటం మాట దేవుడెరుగు. వానాకాలమైతే పొద్దున్నే రండి. తొమ్మిదిలోపు వస్తే ముసలోళ్లు అరుగుల మీద ఉంటారు, వయసోళ్లు పనులకు పోయే ముందు దొరుకుతారు.

బస్సు సంగతి నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు? ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందే మీ స్టేజీలో ఆపుతారో లేదో అడగండి. ఎక్కాక అడిగి కండక్టర్‌తో గొడవ పెట్టుకోవద్దు, ఆపడం ఆపకపోవడం వాడి చేతిలో ఉండదు. పల్లెవెలుగు అయితే నిదానంగా పోతుంది గానీ అన్ని స్టేజీల్లో ఆగుతుంది. తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ డబ్బులు లేవు, ఆధార్ మర్చిపోకండి. దిగగానే తిరుగు బస్సు ఎన్నింటికో టీ కొట్టులో కనుక్కోండి. ఆ ఒక్క ప్రశ్నతో మాట కలుస్తుంది, స్తూపం ఎటో కూడా వాళ్లే చెప్తారు. హైవే ఊళ్లలో దిగితే మాత్రం డివైడర్ దూకి రోడ్డు దాటొద్దు. బండ్లు నూటికి తక్కువ పోవు అక్కడ. కొంచెం నడిచినా సరే, కింద నుంచి దారి ఉంటే అటే పొండి.

సంచిలో పెట్టుకోవాల్సినవి పెద్దగా లేవు. రెండు లీటర్ల నీళ్లు, ఒక పాత నూలు గుడ్డ, మెత్తటి కుచ్చు బ్రష్షు, పూలు, ఒక నోటుపుస్తకం. గుడ్డ, బ్రష్షు ఎందుకంటే చాలా స్తూపాల మీద పేర్లు దుమ్ములో, కాకిరెట్టల్లో మునిగి ఉంటాయి. ముందు పొడి బ్రష్షుతో దులపాలి, తర్వాత తడిగుడ్డతో తుడవాలి. అంతే. యాసిడ్, సర్ఫు, ఇనుప పీచు ముట్టించొద్దు. నాపరాయి మీద చెక్కిన అక్షరాలను యాసిడ్ తినేస్తుంది, రంగుతో రాసినవి రుద్దితే మొత్తానికే పోతాయి. అక్షరాల మీద పసుపు, కుంకుమ పుయ్యొద్దు. బొట్టు పెట్టాలనిపిస్తే గద్దెకు పెట్టండి. నైలాన్ దండ మాత్రం తేవొద్దు. ఏడాది దాకా ఎండకు చీలికలై వేలాడుతుంటుంది, తీసేసేవాళ్లుండరు.

కొబ్బరికాయ కొట్టొచ్చా అని అడుగుతారు. కొన్ని ఊళ్లలో కొడతారు, కొన్ని చోట్ల పార్టీ వాళ్లు వద్దంటారు. ఊరి పద్ధతే మీ పద్ధతి. మా ఊళ్లో ఒక తాత ఏటా ఇంత కల్లు తెచ్చి గద్దె మొదట్లో సాక పోసేవాడు. పోరాట దళంలో ఉన్న తన దోస్తుకు కల్లంటే పాణమట. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. మీరు సీసాలు పట్టుకొని రావొద్దు, అది ఆ తాతకు చెల్లింది.

ఇక స్తూపం ముందర ఏం చేయాలి. చెప్పులు విప్పండి. గద్దె మీద కూర్చోవద్దు, బ్యాగు పెట్టొద్దు. నీడ బాగుందని అక్కడే టిఫిన్ డబ్బా విప్పినవాళ్లనూ చూశాను. తుడవడం అయ్యాక పూలు పెట్టి ఒక్క పని చేయండి. పేర్లు పైకి చదవండి. మనసులో కాదు, గొంతు వినపడేట్టు, మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా. ఒక్కో పేరు తర్వాత "జోహార్" అనాలనిపిస్తే అనండి, సిగ్గనిపిస్తే పేరొక్కటే చాలు. తర్వాత రెండు నిమిషాలు ఊరుకోండి. ఫొటోలు ఆ తర్వాత.

పేర్లు పైకి చదవమని ఎందుకంటున్నానంటే, ఒకసారి చదివి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఒకే ఇంటిపేరు మూడుసార్లు వస్తుంది. అన్నదమ్ములా, తండ్రీకొడుకులా అని నోరు ఆగుతుంది. కులం తెలిసే పేర్లు, అన్ని కులాలవీ ఉంటాయి. ఈ పోరాటంలో నాలుగు వేల మంది దాకా చనిపోయారని, మూడు వేల ఊళ్లలో గ్రామరాజ్యాలు నడిచాయని, పది లక్షల ఎకరాల భూమి పంచామని పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ లెక్క. నాలుగు వేలంటే చెవికి ఒక అంకె. ఇరవై పేర్లు నోటితో చదివితే గొంతు ఎండుతుంది.

ఇంకో సంగతి. పేర్ల పక్కన తేదీలుంటే చూడండి. 1948 సెప్టెంబర్ తర్వాత చనిపోయినవాళ్లు కూడా ఉంటారు. నిజాం పోయాక కూడా మూడేళ్లు పోరాటం నడిచింది, 1951 అక్టోబర్ 21న విరమించారు. ఆ మూడేళ్లలో చనిపోయినవాళ్లను చంపింది రజాకార్లు కారు, యూనియన్ మిలిటరీ, పోలీసులు. మా చిన్నతాత, అంటే మా తాత తమ్ముడు, అట్లా పోయినవాడే. రజాకార్లకు దొరకకుండా రెండేళ్లు తిరిగి, 1949లో మన ప్రభుత్వం తుపాకీకి దొరికాడు. మైకుల్లో మాట్లాడేవాళ్లు ఈ భాగం దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంటారు.

ఊరివాళ్లతో మాట్లాడటం అన్నిటికంటే విలువైన పని, చాలామంది పాడుచేసుకునేదీ అదే. 1948లో పదేళ్ల పిల్లగాడికి ఇప్పుడు తొంభై దగ్గర పడ్డాయి. కళ్లతో చూసి చెప్పేవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో. వాళ్లు చెప్పిందే చెప్తారు, తేదీలు కలిపేస్తారు. సరిదిద్దొద్దు. ఫోన్ తీసి మొహం మీద పెట్టొద్దు. ముందు మీరెవరు, ఏ ఊరు, ఎవరి పిల్లలు, చెప్పుకోండి. మా దగ్గర అది అయ్యేదాకా అసలు మాట మొదలుకాదు. "రికార్డు చేసుకోవచ్చా పెద్దయ్యా" అని అడిగి, ఊఁ అంటేనే. "అప్పుడు మీకెట్లా అనిపించింది" అని టీవీ వాళ్లలాగా అడిగితే "ఏమనిపిస్తది బిడ్డా, ఆకలనిపించింది" అంటారు. ఆకలి గురించే అడగండి. లెవీ ధాన్యం ఎట్లా గుంజుకుపోయేవాళ్లు, వెట్టికి ఎవరు పోయేవాళ్లు, రాత్రి దళం వస్తే ఏం వండి పెట్టేవాళ్లు, గటుకనా, జొన్నరొట్టెనా. తిండి గురించి అడిగితే పోరాటమంతా అందులోనే వస్తుంది. డబ్బులు చేతిలో పెట్టొద్దు, చిన్నబుచ్చుకుంటారు. పండ్లు తీసుకుపోతే కాదనరు.

అదే ఊళ్లో దొర తరఫున పనిచేసినవాళ్ల మనవలు ఉంటారు. ముస్లిం కుటుంబాలూ ఉంటాయి. రజాకార్లలో చేరినవాడి పాపానికి పక్కింటి సాయిబును అడగకండి. పోలీసు చర్య, అంటే 1948లో యూనియన్ సైన్యం వచ్చిన తర్వాత సంస్థానంలో చాలాచోట్ల ఏ పాపమూ ఎరగని ముస్లింలు కూడా చనిపోయారు, వాళ్లకు స్తూపాలు లేవు. టీ కొట్టులో కూర్చొని గట్టిగా "ఏ ఇల్లు రజాకార్లది" అని అడిగిన ఒకాయన్ని నేనే లేపి బస్సెక్కించాను. టికెట్ నేనే కొట్టాను, అదొక తృప్తి.

పిల్లలను తీసుకురండి. పోయినేడు మా మనవరాలు, ఎనిమిదో తరగతి, పేర్లన్నీ చదివి "తాతా, ఆడోళ్ల పేర్లు లేవేంది" అంది. చాకలి ఐలమ్మ గురించి చెప్పాను, పాలకుర్తిలో దేశ్‌ముఖ్ మనుషులకు ఎదురు తిరిగి పంట ఇంటికి తెచ్చుకున్న మనిషి అని. తుపాకీ పట్టి దళంలో తిరిగిన మల్లు స్వరాజ్యం గురించి చెప్పాను, 2022లో చనిపోయేదాకా సభల్లో మాట్లాడేదని. "అది కాదు. గటుక వండి పెట్టినోళ్ల పేర్లు ఏడ రాస్తరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. చిన్నతాత దళానికి మా తాతమ్మ రాత్రిళ్లు గంపలో తిండి మోసుకుపోయేదని మా నాయన చెప్పేవాడు. ఆ రోజు నుంచి పేర్లన్నీ చదివాక చివరికి ఆమె పేరు కూడా చెప్తున్నాం, రాయి మీద లేకపోయినా. మీ ఇంట్లోనూ అట్లాంటి ముసలమ్మ ఉండి ఉంటే చెప్పండి, ఎవరొద్దంటారు?

చివరికి, పేర్లు చెరిగిపోతేనో తప్పుగా ఉంటేనో ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. మీరే రంగు డబ్బా తెచ్చి దిద్దకండి. ఎంత మంచి మనసుతో చేసినా అది ఊరి రాయి. ముందు స్పష్టంగా ఫొటో తీయండి. పొద్దున ఎండ పక్క నుంచి పడ్డప్పుడు తీస్తే చెరిగిన అక్షరాల గాట్లు కూడా కనపడతాయి, నడిమధ్యాహ్నం తీస్తే ఏం కనపడదు. నోటుపుస్తకంలో వరస తప్పకుండా రాసుకోండి. తర్వాత ఆ ఇంటివాళ్లను వెతకండి, ఇంట్లో ఎట్లా పిలిచేవాళ్లో అడగండి. అప్పుడు పంచాయతీకో, స్తూపం చూసుకునే వాళ్లకో ఇవ్వండి, కాగితం మీద, ఫొటోతో. నోటిమాటగా చెప్తే వచ్చే సెప్టెంబర్ అంటారు.

ఇది నా అనుభవం. కొన్నేళ్ల కింద మా ఊరి స్తూపానికి రంగులు వేయించారు. బాగా మెరిసింది. పోయి చదివితే చిన్నతాత పేరు చివర "య్య" లేదు, "య" ఉంది. వత్తు ఎగిరిపోయింది. నాకు నవ్వొచ్చింది, మా మేనత్తకు రాలేదు. ఎనభై దాటిన మనిషి, ఆయన చంకలో పెరిగిన మనిషి. "గీ పేరుతోని మావోణ్ని ఎవ్వలు పిలువలే" అని గద్దె దగ్గర్నే కూర్చుంది. వేయించినవాళ్లను అడిగితే ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా అన్నారు. రెండు సెప్టెంబర్లు పోయాయి. మూడో ఏడు నేనే కాగితం రాసి, పాత ఫొటో ఒకటి జత చేసి, పంచాయతీలో ఇచ్చి, రసీదు అడిగాను. కండక్టర్ బుద్ధి, రసీదు లేనిదే కదలను. నెల తిరిగేసరికి పెయింటర్ వచ్చాడు. వరసలో చోటు లేదు, మొత్తం చెరిపి రాయాలంటే పైసలు రాలేదన్నాడు. ఉన్న సందులోనే వత్తు ఇరికించాడు.

ఆ పెత్రమాసకు మేనత్తను ఆటోలో తీసుకుపోయాం. కళ్లు సరిగ్గా కనపడవు, వేలితో తడిమి చూసింది. రంగు ఇంకా పచ్చిగా ఉండి వేలికి అంటింది. ఆ వత్తు మిగతా అక్షరాల కంటే చిన్నగా, కొంచెం కిందికి జారినట్టు, ఒక పక్క చెరిగినట్టు ఉంటుంది. ఎప్పుడైనా నకిరేకల్ దాటి మా వైపు వచ్చి పేర్లు పైకి చదివితే, రెండో వరసలో అక్కడ వత్తి పలకండి.